పొరి లేని ప్లగ్గు

పొన్‌రాజ్ మా పక్కింటివాడు. వాడి పెళ్ళాం మూక్కమ్మాళ్ తళవాయిపురంలోని పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. ఎందుకే అని అడిగితే, "ఇంట్లో నోరు తెరవడు, కారుతో మాట్లాడతాడు" అందట. అబద్ధమేం కాదు. వాడి ముదలాళికి, అంటే యజమాని పత్తి వ్యాపారి సీతారామన్‌కు, పెట్రోల్ కారు ఉండేది. పొన్‌రాజ్ దాన్ని పదేళ్లు తోలాడు. అది మొరాయిస్తే ప్లగ్గు విప్పి, ఇంజిన్‌కు ఆనించి, స్టార్టర్ తిప్పించేవాడు. చిటుక్కుమని పొరి ఎగిరితే ప్లగ్గు మంచిది, ఎగరకపోతే పారేయడమే. మా ఊళ్లో నిప్పురవ్వనూ పొరి అంటారు, మరమరాలనూ పొరి అంటారు.

అరవై నాలుగులో ముదలాళి దాన్ని అమ్మేసి డీజిల్ కారు తెచ్చాడు. మార్గళి నెల చలి వచ్చింది. కొండగాలి తగిలిన మొదటి పొద్దునే అది కదల్లేదు. పొన్‌రాజ్ నాలుగు ప్లగ్గులూ విప్పాడు. ముదలాళే కూర్చుని స్టార్టర్ తిప్పాడు. ఒక్కదానికీ పొరి లేదు.

"నాలుగూ చచ్చినాయి ముదలాళి."

"కొత్త కారులో నాలుగూ ఒకే రోజు చస్తాయా? తెలీకుంటే తెలీదని చెప్పు. రేపు పొద్దున అమ్మను మదురై ఆసుపత్రికి తీసుకుపోవాల. బండి కదల్లేదంటే తాళంచెవి పెట్టేసి పో."

సాయంత్రం పొన్‌రాజ్ వచ్చి మా గడపలో కూర్చున్నాడు. ప్లగ్గులు తుండుగుడ్డలో మూటకట్టి, చచ్చిన కోడిపిల్లలను తెచ్చినట్టు తెచ్చాడు.

"పొరి లేదక్కా."

"దానికేమప్పా, చేటనిండా ఉండాది" అని మరమరాలు తెచ్చి ముందు పెట్టాను.

నవ్వలేదు. ముట్టుకోలేదు. "ఆ బండి కూడా పోతే నేను ఎవురితో మాట్లాడేదక్కా?" అన్నాడు.

లేచి పొయ్యి దగ్గరికి పోయాను. మధ్యాహ్నం నిప్పు బూడిద కింద ఉంది. బూడిద తోసి, కొబ్బరిపీచు పెట్టి ఊదుతున్నాను.

"అగ్గిపెట్టె లేదా అక్కా?"

"ఉండాది. గీసేది ఎందుకు? కొంచేపు ఎర్రగా కాగనీ, పీచు అదే అంటుకుంటాది. నీకేం తొందర?"

పీచు అంటుకుంది. వాడు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"అక్కా, ఆ కారులో స్టీరింగ్ పక్కన చిన్న తీగచుట్ట ఉండాది. పిడి లాగి పట్టుకుంటే ఎర్రగా అయితాది. బీడీ ముట్టించుకునేదానికి పెట్టినారనుకుంటిని."

"ముట్టించినావా?"

"రెండు తడవలు."

"బాగుండాది."

"ఇది పొరి కొట్టే ప్లగ్గు కాదక్కా, కాగే ప్లగ్గు! లోపల ఇది కాగినాదని బయట ఆ చుట్ట చెప్తాది. కాగనీకుండానే తిప్పేస్తిమి!"

మూట పట్టుకుని పరుగెత్తాడు. తెల్లారుతూనే నన్ను కారు దగ్గరికి పిలుచుకుపోయాడు. పిడి లాగాడు. చుట్ట నల్లగానే ఉంది. తర్వాత మెల్లగా ఎర్రబడింది. ముప్పై లెక్కపెట్టి తిప్పాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి, నా చీర మీదికి నల్లపొగ వదిలి, నడిచింది. ముదలాళి వచ్చి తల్లిని ఎక్కించాడు. పొన్‌రాజ్‌ను ఒక్కమాట మెచ్చుకోలేదు. తాళంచెవి మాత్రం అడగలేదు.

మదురై నుంచి వచ్చాక చెప్పాడు: "పెట్రోల్ ప్లగ్గు బండి నడిచినంతసేపూ పొరి కొడుతూనే ఉండాలక్కా. దీనికి పొద్దున ఒక్క తడవే పని. ఇంజిన్ వేడెక్కినాంక డీజిల్ తనే మండుతాది. దీన్ని ఎవురూ తలచరు."

చిత్తిరై నెల ఎండల్లో ఆ బండి కాగబెట్టకుండానే కదులుతుంది. అయినా వాడు పిడి లాగి పట్టుకుని కూర్చునేవాడు. పెదవులు కదిలేవి. "ఎండలో ఏం లెక్కరా?" అని ముదలాళి కసిరేవాడు. ఒకరోజు నేను కారు పక్కన నిలబడి విన్నాను. అది లెక్క కాదు. రాత్రి తను ఏం వండుకున్నాడో, అందులో ఉప్పు ఎట్లా ఎక్కువైందో చెబుతున్నాడు.