పిడికెడు బియ్యం తూచినవాడు

ముందు పోయినవి రాస్తాను. ఏడు వారాల చేపల వాటా. ఆ ఏడు వారాల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళలేకపోయిన మూడు మంగళవారాలు. ఒక జత వెండి పట్టీలు. చేపలగంపలు దించే చోట ఆవిడ ఎప్పుడూ కూర్చునే జాగా. నన్ను "తమ్ముడా" అని పిలిచే పిలుపు. ఇందులో నాది చివరిదొక్కటే. మిగతావన్నీ ఆవిడవీ, ఆవిడ భర్తవీ. పోగొట్టింది మాత్రం నేను.

ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు నాకు నేనే నేర్చుకుని పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో కాటా దగ్గర కుదిరాను. మా చర్చిలోనూ తూకం పని నాదే. మా ఆడవాళ్ళు వండుకునే ముందు ప్రతిపూటా ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం వాటిని సంచిలో తెచ్చి బల్ల ముందు పెడతారు. అవి లేనివాళ్ళకు వెళ్తాయి. నేను తూచి పుస్తకంలో రాసేవాణ్ణి.

ఆ పుస్తకం వెనకవైపు ఇంకో లెక్క ఉండేది. నెలలో ఎందరికి సువార్త చెప్పాం, ఎందరు ప్రార్థనకు ఒప్పుకున్నారు, ఎన్ని కుటుంబాలు ప్రభువును నమ్ముకున్నాయి. నెలాఖరు కూటంలో ఎవరి అంకె వాళ్ళు లేచి చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో నా మూడో గడిలో ఎప్పుడూ సున్నాయే.

ఆదివారం ఆరాధన అయ్యాక కరపత్రాలు జేబులో పెట్టుకుని సైకిలు మీద ఉద్దానం పల్లెలకు వెళ్ళేవాణ్ణి. ఒక మధ్యాహ్నం జీడితోటల మధ్య రోడ్డు పక్కన ఒకాయన కూలబడి ఉన్నాడు. పక్కన భార్య. పక్క ఊళ్ళో చుట్టాలను చూసి వస్తున్నారట. ఆయనకు కిడ్నీ జబ్బు. కాళ్ళు స్తంభాల్లా వాచాయి, ఇక అడుగు పడటం లేదు. ఆయన్ను సైకిలు వెనక కూర్చోబెట్టి, ఆవిడ వెనక పట్టుకుంటే, సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరిదాకా మూడు కిలోమీటర్లు నడిపించుకుపోయాను. జేబులో కరపత్రాలున్న సంగతే గుర్తు రాలేదు. నేను లెక్క పెట్టకుండా చేసిన పని అదొక్కటే.

పాస్టరుగారితో చెబితే పిడికెడు బియ్యంలోంచి ఆదివారానికి మూడు కిలోలు వాళ్ళకు ఇమ్మన్నారు. తీసుకెళ్ళాను. సంచి దించి వెనక్కి తిరగబోతే ఆవిడ ఊరుకోలేదు.

"ఎండలో వచ్చినోడు కాళీ కడుపుతో ఎల్తే మా గంగమ్మతల్లి ఊరుకుంటదేటి? కూకో తమ్ముడా."

చేపల పులుసు, అన్నం. వేటకు వెళ్ళలేని మనిషి ఇంటికి కూడా వలలో పడినదాంట్లో ఒక వాటా పంపడం ఆ ఊరి పద్ధతి. ప్రతి ఆదివారమూ నా కంచంలోకి వచ్చింది ఆ వాటా చేపే. ఆయన మంచం మీంచి నవ్వేవాడు. "బియ్యం తేడానికి వత్తన్నాడో, పులుసు కోసరం వత్తన్నాడో, అడగవే."

"నీలాగ వంకలు పెట్టకుండా తింతన్నాడు. నువ్వు మాటాడకు," అనేది ఆవిడ, ఇంకో ముక్క వేస్తూ.

పదకొండో ఆదివారం ప్రార్థన చేస్తానన్నాను. ఆవిడ కొంగు తలమీద కప్పుకుని కళ్ళు మూసుకుంది. ఆయన కూడా మూసుకున్నాడు. ప్రార్థన మధ్యలో నేను కళ్ళు తెరిచి చూశాను. నాలుగు కళ్ళూ మూసి ఉన్నాయి. ఆ సాయంత్రమే నెలాఖరు కూటం. లేచి నిలబడి, "ఒక కుటుంబం," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ కూటానికి వాళ్ళ పక్క ఊరి నుంచి ఒకామె వచ్చింది. రెండు రోజుల్లో ఆ మాట వాళ్ళ ఊరి ఒడ్డుకు చేరింది. నాకు ఆ సంగతి తెలియలేదు. తెలియకపోవడానికి కారణం ఉంది. గడి నిండింది కదా, ఆ తర్వాత ఆదివారాలు నేను నందిగాం వైపు పల్లెలు పట్టుకున్నాను.

ఏడు వారాల తర్వాత ఆవిడ నెత్తిన గంపతో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. గంప నిండా బియ్యం.

"నువ్విచ్చినవి. కొలుసుకో, బాబుగారూ."

"ఏటయిందప్పా?"

"మేం మీలో కలిసిపోనామని మీటింగులో సెప్పినావట. నానెప్పుడు కలిసినాను? ఇంటికొచ్చినోడు దండం పెట్టుకుంతంటే కళ్ళు మూసుకున్నాను. ఎవులొచ్చి మొక్కినా మూసుకుంతాను. అది మర్యాద గాదా?" ఆవిడ గొంతు పెంచలేదు. "అమ్మవారి పండక్కి మా సందా వద్దన్నారు. ఆయన వాటా ఆపేసినారు. ఒట్టేసినా నమ్మరు. ఆళ్ళ బియ్యం తిన్నావు గదా అంతన్నారు. పట్టీలమ్మి కొన్నాను."

అప్పుడు నేను చేసిన పని ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నా చేతులు అలవాటు కొద్దీ ఆ గంపను ఎత్తి కాటా మీద పెట్టాయి. రాళ్ళు వేశాయి. గంప బరువు తీసేశాయి.

"ముప్పై నాలుగున్నర," అన్నాను. "నేనిచ్చింది ముప్పై మూడే. కిలోన్నర ఎక్కువుంది."

ఆవిడ నన్ను చూసిన చూపు రాయలేను. "ఉండనీ. మీ డబ్బాలో ఎయ్యి. మాకన్నా లేనోళ్ళుంతారు," అని బియ్యం కాటా పక్కనున్న సంచిలోకి వంచి, ఖాళీ గంప తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి ఆ ఊరు వెళ్ళాను. పెద్దలు పడవల నీడలో వలలు బాగుచేసుకుంటున్నారు. నేను చెప్పింది అబద్ధమని, ఆవిడ కళ్ళు మూసుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదని చెప్పాను. ఒక ముసలాయన వల మీంచి తల ఎత్తాడు.

"కళ్ళు మూసుకుంటే కలిసిపోయినట్టేటి? మరి రాత్రి తొంగున్నప్పుడు మావంతా ఎవులిలో కలిసిపోతన్నాం రా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు సాయంత్రం నుంచే వాటా మళ్ళీ వెళ్ళింది. తర్వాతి నెలాఖరు కూటంలో లేచి, నా అంకెలోంచి ఒకటి తీసెయ్యమన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

వానలు పడకముందే ఆవిడ భర్త పోయాడు. వెళ్ళాను. ఆవిడ చెంబుతో నీళ్ళు ఇచ్చింది. "దాహం తీర్చుకోండి, బాబుగారూ," అంది. కూర్చోమనలేదు. అనాలని నేను ఎదురుచూశాను.

ఆదివారాలు ఇప్పటికీ పల్లెలకు వెళ్తాను. కరపత్రాలు తీసుకెళ్ళను. మూడో గడి రాయను. ఆ పాత పుస్తకం మాత్రం ఉంది. బియ్యం పేజీలో ఇచ్చింది ముప్పై మూడు, తిరిగి వచ్చింది ముప్పై నాలుగున్నర. మిగిలిన కిలోన్నర ఆవిడ చెప్పినట్టే డబ్బాలో వేశాను. సువార్త చెప్పడానికి వెళ్ళి, ఒక రోగి వాటా చేప నేను తిన్న సంగతి ఏ పేజీలోనూ లేదు. ఏదైనా పట్టుకెళ్తే ఆవిడ తూచి తిరిగి ఇస్తుంది. మా ఇంటికి భోజనానికి రాదు. కాబట్టి ఆ లెక్క ఇంకా అలాగే ఉంది.

పదకొండు పూటలు.