అమ్మ ముఖం చూసిన మనిషి

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాం. వయసుతో రెటీనా పాడై, అమ్మకు ఎదుటివాళ్ల ముఖం ఉండాల్సిన చోట నల్లటి మచ్చే కనిపిస్తుంది. మా మాటలు విని ఎదుటి సీటు పెద్దాయన ముందుకు వంగాడు.

“నాదీ గదే బీమారి అక్కా. కడుపుల కొవ్వు తీసి, దాంట్లకెల్లి స్టెమ్ సెల్స్ రెండు కండ్లకు ఒక్కటేసారి ఎక్కించిండ్రు. ఇప్పుడు నీ మొకం మంచిగ కనవడ్తుంది.”

పక్కనున్న ఆయన భార్య అమ్మ చేతిలో క్లినిక్ కార్డు పెట్టింది.

దిల్‌సుఖ్‌నగర్ రాగానే ఆయన లేచి, మూసి ఉన్న అవతలి తలుపుకే గుద్దుకున్నాడు. భార్య ఆయన్ని ఇటు తిప్పుతూ నా చెవిలో చెప్పింది: “ఉన్న చూపు గూడ పోయింది బిడ్డా. ఇంకొకల్లను తోల్కొస్తెనే మల్ల సూస్తమన్నరు ఆ క్లినిక్కోల్లు.”

రైలు కదిలింది. అమ్మ కార్డును గుప్పిట్లో బిగించింది.

“అద్దంలో నా మొహం నాకే కనపడదు, ఆయనకి కనపడిందటరా. రేపే వెళదాం.”