ఒకే ఫోన్‌లో ఇద్దరు తోడికోడళ్ళు

2013 వర్షాకాలంలో, చీపురుపల్లిలోని మా గోగునార మహిళల ఉత్పత్తిదారుల సంఘంలో నేను నాణ్యత పర్యవేక్షకురాలిగా పనిచేస్తుండగా, కార్యవర్గం నాకు ఇంకో బాధ్యత అప్పగించింది. సంఘం కోసం తయారవుతున్న వెబ్‌సైట్‌ను వాడి చూసి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాకే సైట్ జనానికి తెరుచుకుంటుంది. దీన్ని అంగీకార పరీక్ష అంటారు. ఆ మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

నేను సంఘంలో చేరింది నార ఒలిచే మనిషిగా. నానిన గోగుకర్ర నుంచి నారను తెగకుండా లాగడం నా పని. తరవాత జట్టు మేస్త్రినయ్యాను. ముప్పై దాటాక సాయంకాలపు బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. పర్యవేక్షకురాలి హోదా ఆ తరవాత వచ్చింది. నేత ఆడవాళ్ళు మాత్రం చివరిదాకా నన్ను మేస్త్రమ్మ అనే పిలిచారు. ఆలస్యంగా చదువుకున్నవాళ్ళకు కనబడ్డ మాటనల్లా చదివే అలవాటు ఉంటుంది. బస్సు వెనక రాసిందీ వదలం, పొట్లం కట్టిన కాగితమూ వదలం. వెబ్‌సైట్ పని ఇచ్చినప్పుడు నాకు భయం కంటే ఆ ఆత్రమే ఎక్కువ కలిగింది.

సైట్ తయారీని శ్రీకాకుళంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇచ్చారు. అక్కడి నుంచి వచ్చిన ప్రోగ్రామర్ పేరు సంధ్య. వర్తకుల ఇంటి పిల్ల, కొట్లో కూర్చుని పెరిగింది కాబట్టి ఏదైనా నచ్చజెప్పడం చేతనవును. ప్రోగ్రాంను జావా అనే భాషలో రాస్తారనీ, రాసిందంతా ఒక మూటలాగా కట్టి సర్వర్ మీదికి ఎక్కిస్తారనీ చెప్పింది. సర్వర్ అంటే రోజంతా ఆగకుండా నడిచే కంప్యూటర్. అది ఎక్కడో ఉంటుంది, మనం అద్దె కడతాం. ఒక్క వాక్యం మార్చినా మూట మళ్ళీ కట్టి మళ్ళీ ఎక్కించాలట. ఒక పోగు తెగితే సంచి మొత్తం మళ్ళీ నేస్తారా అని అడిగాను.

“నేసేది మిషనే కదమ్మా, దానికి నడుం నొప్పి ఉండదు” అంది సంధ్య.

నేసే ప్రతి మనిషికీ సైట్‌లో ఒక పేజీ ఉంటుంది. అందులో ఆమె పేరు, ఆమె నేసిన సంచుల ఫోటోలు ఉంటాయి. సైట్‌లోకి రావడానికి కొత్త పాస్‌వర్డ్ అక్కర్లేదు, సోషల్ మీడియా ఖాతాతోనే రావచ్చు. ఇక్కడ పెట్టిన ఫోటో ఆ ఖాతాలో కూడా కనబడుతుంది, దాన్ని చూసి కొనేవాళ్ళు వస్తారు. ఇందుకోసం ముందుగా మా సైట్‌ను ఆ సోషల్ మీడియా సంస్థ దగ్గర నమోదు చేశారు. వాళ్ళు ఒక నంబరు, ఒక రహస్య తాళం ఇచ్చారు. ఆ తాళం సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మనిషి మా సైట్‌కు తిరిగి రావలసిన చిరునామా కూడా వాళ్ళకు ముందే రాసివ్వాలి. అది వేరే చోటిని చూపిస్తే మనిషిని వెనక్కి పంపరు.

మన సైట్‌లోకి రావడానికి మనిషి ఇంకో సైట్‌కు వెళ్ళి రావడమెందుకో నాకు అర్థం కాలేదు. సంధ్య ఇలా చెప్పింది. మన గుమ్మానికి కొత్త మనిషి వచ్చింది. ఆమె ఎవరో మనకు తెలియదు, వీధి చివర ఇంటివాళ్ళకు తెలుసు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి రమ్మంటాం. వాళ్ళు ఆమెను పోల్చుకుని, ‘ఈమె ఫలానా’ అని చీటీ రాసి పంపుతారు. ఆ చీటీ చూసి లోపలికి రానిస్తాం. ఆమె పాస్‌వర్డ్ వాళ్ళకే చెబుతుంది, మనకు చెప్పదు. ఆ చీటీనే టోకెన్ అంటారు. ఆ రోజంతా నాకు అదే ఆలోచన. మొకం చూడకుండా చీటీ ఎలా రాస్తారా అని.

శిక్షణ రోజున సంఘం హాల్లో నేత ఆడవాళ్ళకు ఖాతాలు తెరిపించాం. ఖాతాలో ఫోటో పెట్టమంటే ఎవరూ ముందుకు రాలేదు. “ఊరోళ్ళందరికీ నా మొకం ఎందుకమ్మా, ఈళ్ళు సూసింది సాలదేటి” అని ఒకామె అంది. ఆమె ఫోన్‌లో పైడితల్లి అమ్మవారి బొమ్మ ఉంటే అది పెట్టింది. పక్కామె అదే పంపమంది, ఆ పక్కామె కూడా. సాయంత్రానికి అందరి ఖాతాల్లోనూ ఒకే అమ్మవారు. మాకు అది ముచ్చటగానే అనిపించింది.

మా సంచుల గురించి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. సంచి నేయడం అయ్యాక మూతి చుట్టూ వేసే ముడిని మూతికట్టు అంటాం. ఏ ఇద్దరి మూతికట్టూ ఒకలా ఉండదు. పేరు రాయడం ఎవరికీ రాని రోజుల్లో, ఏ సంచి ఎవరిదో దాన్ని చూసే చెప్పేవాళ్ళం. సింహాచలం అనే ఆమె చిన్న చిన్న ముడులను వేపపూతలా గుత్తులుగా వేసేది. అది ఇంకెవరికీ రాలేదు. ఆమె తోడికోడలు నారాయణమ్మది జడలాగా అల్లిన మామూలు కట్టు.

సైట్ తెరిచిన వెంటనే విశాఖపట్నం నుంచి ఒక పెద్ద కొనుగోలుదారు వస్తానన్నాడు. పేజీలు చూసి ఒకరి నమూనాను ఎంచుకుంటాడు. ఆమెను సంఘం నమూనా శిక్షకురాలిగా శాశ్వత ఉద్యోగంలోకి తీసుకుంటుంది. ఊళ్ళలోని మా నేత కేంద్రాలన్నిటిలోనూ ఆమె తన పని నేర్పుతుంది. అది తనకే వస్తుందని సింహాచలం అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆమె సంచులు సంఘం పేరుతోనే అమ్ముడుపోయాయి. పేజీ మీద పేరు పడుతుందని తెలిశాక ఆమె నన్ను అడిగింది: “బొమ్మ కింద నా పేరే ఉంటాది గదా మేస్త్రమ్మా? ఇంకేటీ రాయరు గదా?”

సైట్ మాకు మాత్రమే కనబడేలా తెరిచి కొన్నాళ్ళు వాడి చూడమన్నారు. వారం గడిచాక నేను కార్యాలయంలో పేజీలు చూస్తూ కూర్చున్నాను. సింహాచలం పేజీ ఖాళీగా ఉంది. నారాయణమ్మ పేజీలో జడకట్టు సంచులతో పాటు వేపపూత సంచులన్నీ ఉన్నాయి. వాటి కింద నారాయణమ్మ పేరే ఉంది.

నేను వాళ్ళ ఊరికి వెళ్ళేసరికి సంగతి అప్పటికే పొక్కింది. ఇద్దరూ వాకిట్లోనే ఉన్నారు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే టచ్ ఫోన్. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసే నారాయణమ్మ భర్త కొనిచ్చినది. ఇద్దరూ దాన్నే వాడుతున్నారు.

“నానేటి సేసినాను అప్పా? ఫోను నీ సేతికే ఇచ్చినాను. నీ ఏలితోనే నొక్కినావు” అంటోంది నారాయణమ్మ. అప్ప అంటే అక్క.

“నా ఏలితో నొక్కితే నీ పేరెలాగొస్తాది? నా ఏలు కూడా నీదైపోనాదేటి?”

“నాకు బొమ్మలు పెట్టడమే సరిగ్గా రాదు, దొంగతనం కూడా వచ్చేస్తాదా?”

“రానోళ్ళకే ముందొస్తాది” అంది సింహాచలం. నా వైపు తిరిగి, తన పేరు తనకు వచ్చేదాకా సంచి ముట్టనని చెప్పింది. ఆ ఊరి కేంద్రంలో మిగతావాళ్ళు కూడా నారాయణమ్మతో మాట్లాడడం మానేశారు.

నేను సంధ్యకు ఫోన్ చేశాను. తను రెండు ఖాతాలతో చూసిందనీ, తన దగ్గర సరిగ్గానే వస్తోందనీ చెప్పింది. మర్నాడు బస్సు దిగి, అక్కడి నుంచి ఆటోలో ఊళ్ళోకి వచ్చింది. తను ఏమీ చెప్పననీ, రోజూ ఎలా చేస్తారో అలాగే చేయమనీ చెప్పి చాప మీద కూర్చుంది.

నారాయణమ్మ సైట్ తెరిచి ఒక ఫోటో పెట్టింది. పని అయ్యాక ‘బయటికి’ అన్న బటన్ నొక్కి ఫోన్‌ను సింహాచలం చేతికిచ్చింది. సింహాచలం ‘లోపలికి’ అన్నది నొక్కింది. కన్ను మూసి తెరిచేలోగా పేజీ తెరుచుకుంది.

“పాస్‌వర్డ్ అడగలేదా?” అంది సంధ్య.

“అడగనేదు. ఎప్పుడూ అడగదు. మంచి ఫోను” అంది సింహాచలం.

సంధ్య ఫోన్ తీసుకుని సోషల్ మీడియా పేజీ తెరిస్తే, అక్కడ నారాయణమ్మ ఖాతాయే ఉంది. తరవాత మా ముగ్గురికీ పాత పోలికతోనే వివరించింది. ‘బయటికి’ నొక్కితే మనిషి మన గుమ్మం మాత్రమే దాటుతుంది. వీధి చివర ఇంటివాళ్ళ దృష్టిలో నారాయణమ్మ ఇంకా వాళ్ళ అరుగు మీదే కూర్చుని ఉంది. సింహాచలం వెళ్ళి అడిగితే, తలెత్తి చూడకుండానే నారాయణమ్మ పేరుతో చీటీ రాసి పంపేస్తున్నారు. సంధ్య పనిచేసే చోట మనిషికొక కంప్యూటర్, మనిషికొక ఫోన్. తను రెండు ఖాతాలను రెండు యంత్రాల్లోనే పరీక్షించింది. ఒక ఫోన్ ఇద్దరి మధ్య తిరుగుతుందన్నది ఆమె లెక్కలో లేదు. ఒక ఫోన్‌కు ఒకే మనిషి ఉంటుందని అనుకుంటారన్నది నా లెక్కలోనూ లేదు కాబట్టి నేను ముందుగా చెప్పలేదు.

సింహాచలం అంతా విని, “అయితే ఇది తియ్యనేదంటావు” అంది. నారాయణమ్మ లోపలికి వెళ్ళి టీ పెట్టింది. సింహాచలం గ్లాసు మాత్రం చాప మీద కాస్త ఎడంగా పెట్టి వెళ్ళింది.

ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా చేయవచ్చు. కానీ ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కేవాళ్ళకు అది పెద్ద పని. అది నాకూ సంధ్యకూ ఇష్టం లేకపోయింది. అందుకని సంధ్య మధ్యలో ఒక పేజీ చేర్చింది. చీటీతో తిరిగి రాగానే ఆ ఖాతాలోని ఫోటో పెద్దగా, పేరు దాని కింద కనబడతాయి. ‘ఇది మీరేనా?’ అన్న ప్రశ్న, కింద ఆకుపచ్చ రంగులో ‘అవును’, ఎరుపులో ‘కాదు’. ‘కాదు’ నొక్కితే వీధి చివర ఇంట్లోంచి కూడా బయటికి పంపి, అప్పుడు మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది. చదవడం రానివాళ్ళు ఫోటో చూసి నొక్కుతారని మా ఆలోచన. మూట మళ్ళీ కట్టి సర్వర్‌కు ఎక్కించింది. కార్యాలయంలో అన్ని రకాలుగానూ చూశాం, బాగా పనిచేసింది.

కొనుగోలుదారు రావడానికి ఇక ఎక్కువ రోజులు లేవు. మళ్ళీ ఇద్దరం ఊరికి వెళ్ళి, ఆకుపచ్చ అంటే అవును, ఎరుపు అంటే కాదు అని వాళ్ళకు చెప్పాం. నారాయణమ్మ ‘బయటికి’ నొక్కి ఫోన్ ఇచ్చింది. సింహాచలం ‘లోపలికి’ నొక్కింది. కొత్త పేజీ తెరుచుకుంది. ఆమె ఫోన్‌ను కళ్ళకద్దుకుని, ఆకుపచ్చ బటన్ నొక్కింది. మళ్ళీ నారాయణమ్మ పేజీయే వచ్చింది.

ఎందుకు అవునన్నావని అడిగాను.

“అమ్మోరి బొమ్మేసి అవునా కాదా అంటే, కాదని ఎలా నొక్కుతాను మేస్త్రమ్మా? కళ్ళు పోవా?”

“నా కాతాలోనూ అమ్మోరే, నీ కాతాలోనూ అమ్మోరే గదా అప్పా” అంది నారాయణమ్మ.

సంధ్యకు నవ్వొచ్చింది, ఆపుకుంది. కేంద్రంలో ఎవరికి చూపించినా ఇదే జరుగుతుందని మాకు అప్పుడు అర్థమైంది. అందరిదీ ఒకే బొమ్మ. దాన్ని తీసేయమని ఎవరినీ అడగలేం. నాకు మొదటిసారి వేలిముద్ర వేసిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు కూడా ‘ఇది నీదేనా’ అని అడిగారు. అడుగుతూనే నా బొటనవేలు పట్టుకుని కాగితం మీద ఒత్తారు.

చివరికి దారి చూపింది నారాయణమ్మే. “సంచెవరిదో తేల్సడానికి మనం మూతికట్టు సూస్తాం గదా. అక్కడ కూడా అదే ఎయ్యండి. కట్టుని కాదంటే ఎవుల కళ్ళూ పోవు.”

సంధ్య వెంటనే కేంద్రానికి వెళ్ళి, అందరి సంచుల మూతులనూ దగ్గరగా ఫోటోలు తీసింది. సోషల్ మీడియా ఖాతాల్లోని అమ్మవారిని మేం ముట్టుకోలేదు. మధ్య పేజీలో ఆ బొమ్మకు బదులు, మా సర్వర్‌లో దాచిన మూతికట్టు ఫోటో వచ్చేలా మార్చింది. నారాయణమ్మ పేజీలోకి చేరిన వేపపూత సంచులను నేను చూపిస్తుంటే, ఒక్కొక్కటే సింహాచలం పేరుకు మార్చింది.

మూడోసారి ఫోన్ చేతికిచ్చినప్పుడు సింహాచలం తెరను దగ్గరగా పెట్టుకుని చూసింది. జడకట్టు కనబడింది.

“ఇది దీనిది. వదులుగా కట్టినాది కూడాను” అని ఎర్ర బటన్ నొక్కింది. పాస్‌వర్డ్ అడిగింది. శిక్షణ రోజున నేర్చుకున్న అక్షరాలను ఒక్కొక్కటే వెతికి నొక్కింది. ఆమె తడుముకున్నా నేను సాయం చేయలేదు, పరీక్షలో అది నియమం. తరవాత తెర మీద వేపపూత కట్టు వచ్చింది. ఆకుపచ్చ బటన్ నొక్కింది. సంచులన్నీ కనబడ్డాయి.

“నా పేరు ఎక్కడున్నాది?” అని అడిగింది. నేను వేలు పెట్టి చూపించాను. దాని మీద తన వేలు పెట్టి కాసేపు తీయలేదు. దాంతో పేజీ ఇంకోచోటికి పోయింది. మళ్ళీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. ఈసారి నారాయణమ్మ పక్కన కూర్చుని చూసింది.

ఆ సాయంత్రమే అంగీకార పత్రం మీద సంతకం పెట్టాను. కొనుగోలుదారు వచ్చి వేపపూత నమూనానే ఎంచుకున్నాడు. సింహాచలం నమూనా శిక్షకురాలిగా చేరింది. మొదట నేర్పవలసింది ఎవరికని కార్యవర్గం అడిగితే, “మా నారాయణమ్మకే. కట్టు వదులు” అంది. ఫోన్ మాత్రం ఇద్దరూ ఒక్కదాన్నే వాడుకున్నారు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది రెండు సంగతులు. వస్తువును దాన్ని వాడేవాళ్ళ చేతుల్లో, వాళ్ళు కూర్చునే చోటే పరీక్షించాలి. మనిషిని అవునా కాదా అని అడిగేముందు, కాదనడం ఆ మనిషికి వీలయ్యేదేనా అని చూసుకోవాలి. ఆ తరవాత పదవీ విరమణ దాకా నేను సంతకం పెట్టిన ప్రతి పరీక్షలోనూ మొదట ‘కాదు’ బటన్‌నే నొక్కించాను.