నాలుగో స్థానానికి పెద్దదిక్కు

దుబాయ్ పక్కన సజ్జాలో కార్మికుల బస్సు నడిపే మా మస్తాన్ వలి అన్న ఇక లేడు. మూడు వారాల కిందట, ఉదయం డ్యూటీకి తయారై బూటు లేసు కట్టుకుంటూ మంచం మీదే ఒరిగిపోయాడట. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. నాకు మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. మా కాలేజీ కబడ్డీ జట్టు ఒకే ఏడాది తొమ్మిది మ్యాచులు ఓడినప్పుడు కూడా ఆగని వజ్రసంకల్ప హృదయం అది.

ఈ వార్త నాకు చెప్పింది ఓబుల్ రెడ్డి. ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో సేఫ్టీ ఆఫీసరు. కబడ్డీ విషయంలో వలి అన్నకు పన్నెండేళ్లుగా ప్రథమ శత్రువు. ఫోను చేసి "అన్నా, మన వలీ అన్న..." అని నిలిచిపోయాడు. ఆ నోరు వాక్యం మధ్యలో ఆగడం మానవ చరిత్రలో అదే ప్రథమం. మిగతాది నాకు అర్థమైపోయింది. దుబాయ్ డేరా పేటలోని మా కార్గో ఆఫీసులో ఆ పూట కడపకు పోవలసిన దుప్పట్ల పెట్టె మీద నైరోబీ అని రాశాను.

తెలియనివారి కోసం చెప్పాలి. కడప జిల్లాలో మేమంతా చదివిన ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఒక కబడ్డీ జట్టు ఉంది. అది గెలిచి కప్పు తెచ్చిన పాపం ఎరగదు, అట్టడుగున నిలిచిన అపకీర్తీ ఎరగదు. సూర్యచంద్రులు గతి తప్పినా తాను తప్పక ఏటా నాలుగో స్థానంలోనో అయిదో స్థానంలోనో నిలిచే నిష్ఠాగరిష్ఠ జట్టు. ఆ జట్టు భవితవ్యం గురించి దుబాయ్‌లో ఉన్న పూర్వవిద్యార్థులం నలభై మందిమి ప్రతి ఆదివారం సజ్జా క్యాంపు మెస్సులో చేరి వాదించుకుంటాం. దేశాల సరిహద్దులు సైతం ఇంత తీవ్రంగా చర్చకు వచ్చి ఉండవు.

ఆ సభకు వలి అన్న పెట్టిన నియమం ఒకటుంది. కబడ్డీలో కూతకు పోయినవాడికి ఒక్క ఊపిరే హక్కు. ఇక్కడా అంతే. లేచినవాడు ఒక్క ఊపిరిలో ఎంత చెప్పగలిగితే అంత చెప్పాలి. మధ్యలో గాలి పీల్చాడా, కూర్చోవాలి. విచిత్రమేమంటే వలి అన్నకు చిన్ననాటి నుంచీ ఉబ్బసం. జట్టు ఎంపికలో కూత మధ్య గీత దాటకముందే తెగిపోయిందట. అందుకే ఒక్క మ్యాచూ ఆడలేదు, చదివినన్నాళ్లూ ఒక్క మ్యాచూ చూడకుండా మానలేదు. "నీ నియమం నీ గొంతుకే ఉరి కదన్నా" అని ఒకసారి అడిగాను. "ఊపిరి ఉండేటోడు ఎంతసేపైనా మాట్లాడ్తాడప్పా. లేనోడు కావాల్సిందే మాట్లాడ్తాడు" అన్నాడు.

ఈ ఏడాది ఎండలు ముదిరే ముందు కొత్త ప్రిన్సిపాల్ గారు మా గ్రూపుకు సందేశం పంపారు. కప్పు రాదు, చేరేవాళ్లు లేరు, కనుక జట్టును రద్దు చేసి కోర్టు స్థలంలో సైకిళ్లకూ మోటారు సైకిళ్లకూ స్టాండు కట్టిస్తారట. పూర్వవిద్యార్థులు సమ్మతి తెలపాలట. ఆ ఆదివారం మెస్సులో కాలు పెట్టే చోటు లేదు.

మూసేయాలన్న పక్షానికి ఓబుల్ రెడ్డి లేచాడు. ఆయన ఊపిరితిత్తులు దేవుడు ఇద్దరికని తయారుచేసి పొరపాటున ఒక్కరికే ఇచ్చినవి. కబడ్డీ పతనం, క్రికెట్టు ప్రాభవం, ఓటమి వల్ల యువతలో కలిగే నైరాశ్యం అన్నీ ఒకే ఊపిరిలో ఏకరువు పెట్టాడు. ఇద్దరు బయటికి వెళ్లి టీ తాగి వచ్చినా ఇంకా యువత దగ్గరే ఉన్నాడు. చివరికి "నాలుగో నంబరు జట్టు ఉంటే ఎంత, లేకుంటే ఎంత? ఖలాస్ చేద్దాం" అని కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి.

వలి అన్న మెల్లగా లేచాడు. ఉబ్బసానికి వాడే పఫ్ ఒకసారి పీల్చి జేబులో పెట్టుకున్నాడు.

"మన కాలేజీ ఎన్నో నంబరుదిరా ఓబులూ? మనమెన్నో నంబరోళ్లం? మనల్ని మూసేసినారా?"

అంతే, ఊపిరి అయిపోయింది, కూర్చున్నాడు. అక్కడున్నవాళ్లలో పెయింటర్లు, ఫోర్‌మన్లు, డ్రైవర్లు, నాబోటి పెట్టెలు కట్టేవాళ్లు. ముదీర్, అంటే మేనేజరు, అయినవాడు ఒక్కడూ లేడు, పనికిరాక వెనక్కి పోయినవాడూ లేడు. చేతులెత్తమంటే మూసేయాలన్న చేతులు ఆరు లేచాయి. ఓబుల్ రెడ్డి అసలు చెయ్యే ఎత్తలేదు. "నువ్వు మనిషివా న్యా? మూడు మాటల్తో నా గంట కష్టాన్ని బూడిద చేసినావు" అని బిర్యానీ ప్లేటు తెచ్చి వలి అన్న ముందు పెట్టాడు.

పన్నెండు మంది పేర్లు రాయించుకొస్తే జట్టును ఉంచుతానన్నారు ప్రిన్సిపాల్. రెండేళ్లకొకసారి దొరికే సెలవు వలి అన్నకు అప్పుడే వచ్చింది. ఇంట్లో సంచి దించి, తిన్నగా కాలేజీ గేటు దగ్గరకు పోయి నిలబడ్డాడు. ఇరవై రోజులు అక్కడే. ఇంటినుంచి వదిన ఫోను చేసి "మీ అన్న దుబాయ్ నుంచి నాకోసం వచ్చినాడా, కాలేజీ వాచ్‌మన్ కోసం వచ్చినాడా?" అని నన్ను నిలదీసింది. "గెలిచేటోళ్లకు అభిమానులు యాడైనా దొరుకుతారు. వీళ్లకు మనం తప్ప ఎవరుండారు చెప్పు" అని వలి అన్నే ఆమెకు నచ్చజెప్పుకున్నాడట. పన్నెండు పేర్లూ రిజిస్టరులో ఎక్కించాకే విమానమెక్కాడు. వచ్చిన రెండో వారం పోయాడు.

ఇక ప్రిన్సిపాల్ గారి సంతాప సందేశం. వలి గారి సేవ చిరస్మరణీయమట. వారికి తగిన గౌరవంగా కోర్టు స్థలంలో కట్టబోయే స్టాండుకు "మస్తాన్ వలి స్మారక వాహన నిలయం" అని పేరు పెడతారట. పన్నెండు పేర్ల మాట అందులో లేదు.

సంస్మరణ సభలో కొందరు మెత్తబడ్డారు. "పోనీలే, పేరైనా నిలుస్తాది" అన్నారు. ఓబుల్ రెడ్డి లేచాడు. ఫోను తీసి, మా అందరి ముందే ప్రిన్సిపాల్ గారికి మాట రికార్డు చేసి పంపాడు.

"సార్, ఆ స్టాండుకు నా పేరు పెట్టుకోండి. మూసేయమన్నోణ్ని నేను. ఆ మనిషి నన్ను ఓడించినాడు. కోర్టు మీద చెయ్యేస్తే మాత్రం ఊరుకునేది లేదు. మొదటి మ్యాచుకు సెలవు పెట్టినాను, వస్తాండా."

ఇంకా జవాబు రాలేదు. ఈ వ్యాసం మన కాలేజీ పత్రికకు రాస్తున్నాను గనుక, గౌరవ సంపాదకులైన ప్రిన్సిపాల్ గారు దీన్ని చదవక తప్పదు. అయ్యా, మా జట్టు ఈసారి కూడా గెలవదు. ఆ విషయం మాకు మీకంటే బాగా తెలుసు. నాలుగో స్థానమే వస్తుంది. దానికోసం దుబాయ్‌లో నలభై మందిమి గొంతులు చించుకుంటాం. వలి అన్న లాంటి మనిషిని మళ్లీ ఎక్కడినుంచి తెస్తాం? ఆ కోర్టు లాంటి కోర్టును మీరు ఎక్కడినుంచి తెస్తారు? మనిషిని అల్లా తీసుకున్నాడు, ఆయన్ను అడగలేం. కోర్టును తీసుకుంటున్నది మీరు. మిమ్మల్ని అడుగుతాం.