పసుపు దారం విప్పని కార్డు

రామన్నపేట బస్టాండు ఎదుట, ఎరువుల దుకాణం పై అంతస్తులో శైలజ ఫోటో స్టూడియో ఉన్నది. గొర్రెలు కాచుకొనే కురుమయ్యకు ఆమె ఏకైక సంతానం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన సంవత్సరమే కెమెరా చేతబట్టినది. ఆడపిల్ల పెండ్లి ఫోటోలు తీయడమేమిటని పెదవి విరిచిన వారే, ఇప్పుడు ఆమెకు వీలు చూసుకొని ముహూర్తాలు పెట్టుకొంటున్నారు.

ఆమెకు, ఆమె తోటి ఫోటోగ్రాఫర్లకు నడుమ ఒక కట్టుబాటు ఉన్నది. పెండ్లివారింట ఆల్బమ్‌కు బొట్టు పెట్టి తెరిచేవరకు, ఆ పెండ్లి తీసిన మెమరీ కార్డు డబ్బీకి పసుపు దారం చుట్టి ఉంచుతారు. దారమున్న కార్డును ఎవరూ చెరపరు.

తాను తీసిన మనీష పెండ్లికి ఆల్బమ్ తయారవుతున్న రోజులలో శైలజ ల్యాప్‌టాప్ నిండిపోయింది. తరువాతి పెండ్లి ఫోటోలు ఎక్కించడానికి జాగా లేదు. వెతకగా, ఫోటోలకు రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని క్యాటలాగు వారం వారం తనంతట తానే చేసుకొన్న బ్యాకప్‌లు బారులు తీరి కనిపించినవి. ఫోటోలన్నీ వీటిలో భద్రంగా ఉండగా మరల అసలు ఫోల్డరెందుకని తలచి, మనీష పెండ్లి ఫోల్డరును చెరిపివేసి, రీసైకిల్ బిన్‌ను సైతం ఖాళీ చేసినది.

క్యాటలాగు తెరిస్తే చిన్న బొమ్మలన్నీ యథాతథంగా ఉన్నవి. ఒకదానిని పెద్దది చేయబోగా మసకబారి, అసలు ఫైలు దొరకలేదని చూపింది. కంగారుగా బ్యాకప్ తెరిచినది. ఏ ఫోటో ఎక్కడున్నదో, దానికి ఏ రంగులు దిద్దినదో ఆ వివరమే అందులో ఉన్నది గాని, ఫోటో ఒక్కటీ లేదు. శుక్రవారం నాడు మనీష తల్లి సుగుణమ్మ ఆల్బమ్‌కు ఫోటోలు ఎంచుకోవడానికి రానున్నది. తలంబ్రాలు మరల పోయించడం ఎవరి తరం?

అప్పుడే కురుమయ్య సద్దిగిన్నెతో మెట్లెక్కి వచ్చాడు.

"ఏమైంది బిడ్డా, మొకం గట్లున్నది?"

"మనీష పెండ్లి ఫోటోలు పోయినయ్ బాపూ. లెక్క ఉన్నది, ఫోటోలు లేవు."

"అంటే గొర్ల లెక్క జేబుల వెట్టుకొని, గొర్లను గుట్టల ఇడిసొచ్చినవన్నట్టు!"

"నవ్వులాటకు యాళ్ల గాదు బాపూ."

"నవ్వుతలేనే. మంద తప్పితే ఆఖరుసారి ఏడ జూసినమో ఆడికే పోతం. నువ్వేడ జూసినవ్?"

శైలజ సొరుగు లాగినది. మనీష పెండ్లివి, దారం చుట్టిన డబ్బీలు రెండే ఉన్నవి. ముహూర్తపు ఫోటోలున్న మూడవది లేదు. నందికొండ ఫోటోగ్రాఫర్ సైదులు కిందటి వారం గృహప్రవేశానికి కార్డు కావాలని వస్తే, ఫోనులో మాట్లాడుతూ చేతికందిన డబ్బీ ఇచ్చిన సంగతి జ్ఞాపకం వచ్చి, వెంటనే అతనికి ఫోను చేసినది.

"సైదులన్నా, గృహప్రవేశం ఫోటోలు తీసినవా?"

"తియ్యక? నా కోసం ముహూర్తం ఆగుతదా?"

శైలజ సొరుగులోని రెండు డబ్బీలను మరల తిప్పి చూసినది.

"ఏందే సప్పుడు లేదు? నీ కార్డుతోని తియ్యలే చెల్లె. డబ్బి మీద దారం జూసిన. కట్టుబాటు మరిచింది నువ్వు, నేను గాదు. ఈడనే ఇంకోటి కొనుక్కున్న."

"అన్నా..."

"ఏడుస్తున్నవా ఏంది? జర ఆగు. రేపు నేనొచ్చి ఛాయ్ తాగినంక ఏడువు."

అన్నట్టే మరునాడు వచ్చి డబ్బీని బల్లమీద పెట్టాడు. మూడు కార్డులలోని ఫోటోలను శైలజ బయటి డిస్కులోనికి ఎక్కించి, డబ్బీలకు దారం మరల చుట్టి, క్యాటలాగుకు డిస్కులోని చోటు చూపించినది. దిద్దిన రంగులన్నీ వచ్చి ఏ ఫోటోవి ఆ ఫోటోకు కుదురుకొన్నవి. అటుపై మరొక డిస్కులోనికి కూడా ఫోటోలను నకలు చేసి ఇంటి పెట్టెలో భద్రపరచినది. క్యాటలాగు బ్యాకప్‌లలో చివరివి కొన్ని ఉంచుకొని, పాతవి తీసివేసినది. ల్యాప్‌టాప్‌లో కావలసినంత జాగా ఏర్పడింది.

శుక్రవారం సుగుణమ్మ వచ్చి, తలంబ్రాల ఫోటోలు ఏది వదలాలో తెలియక పొద్దంతా కూర్చున్నది. ఆల్బమ్ అచ్చై వచ్చిన తరువాత, శైలజను తమ ఇంటికి పిలిచి దానికి బొట్టు పెట్టి తెరిచినది. తిరిగివచ్చిన కూతురిని కురుమయ్య మెట్ల వద్దనే ఆపాడు.

"గొర్లన్నీ దొడ్లెకొచ్చినయా?"

"అన్నీ వచ్చినయ్ బాపూ," అంటూ శైలజ పైకెక్కి, మూడు డబ్బీల దారాలు విప్పి, కెమెరా సంచి సర్దుకొన్నది. తెల్లవారితే హరిత పెండ్లి.