బల్లకు నూనె తాపిన రోజులు

నేను ఏడో నెలలోనే పుట్టానట. నన్ను ఎవరికి పరిచయం చేసినా మా అక్క ముందు ఆ మాటే చెప్పేది. "కడుపులో కూడా కుదురుగా ఉండలేకపోయింది మహాతల్లి" అనేది. అబద్ధం కాదు. పాలు పొంగకముందే దించేస్తాను. బస్సు ఆగకముందే మెట్టు మీద ఉంటాను. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తాను. అలాంటి నేను ఒక బల్ల ముందు కూర్చుని, దాని ఒంట్లోకి నూనె ఇంకడం చూస్తూ పూటలకు పూటలు గడిపానంటే నాకే నమ్మబుద్ధి కాదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సగం నిద్రలో ఉన్నట్టే ఉంటుంది.

ఆ బల్ల అక్కది. నరసరావుపేట కోర్టు ఎదురుగా, రేకుల కింద, ముప్పై ఏళ్లు టైపు కొట్టింది మా అక్క. పిటిషన్లు రాయించుకోవడానికి వచ్చినవాళ్లు కూర్చుంటారని టేకుతో పొడుగాటి బల్ల ఒకటి చేయించింది. మాచవరం నుంచీ ముప్పాళ్ల నుంచీ మొదటి బస్సుకు వచ్చినవాళ్లు దాని మీదే అన్నం మూటలు విప్పుకునేవాళ్లు. దాని మీదే ఏడ్చేవాళ్లు, దాని మీదే కునుకు తీసేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక అక్క తన మిషన్‌ని అక్కడే ఎవరికో ఇచ్చేసి, బల్లను మాత్రం ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

"లోపల వేయిద్దామా అక్కా?" అని అడిగాను.

"ఇది బయట బతికిన బల్లే. లోపలేస్తే దిగులు పెట్టుకుంటది" అంది.

పెరట్లో జామచెట్టు పక్కన వేయించింది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని మీద కూర్చుందంటే తొమ్మిదిదాకా కదిలేది కాదు. అక్క పెళ్లి చేసుకోలేదు. నేను అందులోనూ తొందరపడి చేసుకుని, అంతే తొందరగా తిరిగొచ్చాను. ఆ ఇంట్లో మేమిద్దరమే.

ఎండకు ఎండీ వానకు నానీ బల్ల బూడిదరంగుకు తిరిగింది. నాకేమో చూసినప్పుడల్లా చేతులు దురద. అక్క ఊళ్లో లేని రోజు చూసి వార్నిష్ డబ్బా తెచ్చాను. గీకలేదు, దుమ్మన్నా తుడవలేదు. మందంగా పట్టించేసి, మెరుస్తున్న బల్లను చూసుకుని మురిసిపోయాను. అది పత్తి కాలం. మా వీధి చివర జిన్నింగు మిల్లు ఉంది. ఆ రోజంతా గాలి మా వైపే కొట్టింది. సాయంత్రానికి తడి వార్నిష్ నిండా దూది అంటుకుని, బల్లకు గడ్డం మొలిచినట్టయింది.

అక్క వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఓసి నీ తొందర తగలెయ్యా! బల్లకి రగ్గు కప్పావేందే?" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. రెండు వానాకాలాలు గడిచాక నవ్వు పోయింది. వార్నిష్ పొక్కులు లేచింది. పొక్కుల కిందికి నీళ్లు దిగి, బయటికి రాలేక, చెక్క నల్లబడింది. పెచ్చులు చీరకు గుచ్చుకునేవి. అక్క మాత్రం చాప పరుచుకుని దాని మీదే కూర్చునేది.

ఆ ఏడు చలికాలంలో అక్కకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. చివరికి గుటక వేయడం కూడా మరిచిపోయింది. పేటలోనే ఆసుపత్రిలో ఉంచి, ఇంటికి పంపేముందు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. నీళ్లలా పల్చగా ఏదీ వద్దు, జావ చిక్కగా కాయాలి. అర చెంచా చొప్పున, గడ్డం కిందికి వంచి పెట్టాలి. గొంతు కదలడం కళ్లతో చూశాకే మళ్లీ అర చెంచా. అన్నీ విన్నాను, తలూపాను.

మూడో రోజు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారు. చెంచా నిండా తీసి పెట్టాను. అది దిగకముందే ఇంకోటి పెట్టాను. పొలమారింది. మామూలుగా మా ఇంట్లో ఎవరికన్నా పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారులే అని నవ్వుకునేవాళ్లం. ఆ రోజు అక్క కళ్లు తేలేసింది. జావ ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. మళ్లీ పది రోజులు ఆసుపత్రి, ముక్కులోంచి ట్యూబు. బతికి, ఆ ట్యూబుతోనే ఇంటికొచ్చింది గానీ, ఆసుపత్రిలో నర్సు చెంచా పట్టుకుంటే కాస్తన్నా పెదాలు విప్పేది, నా చేతిలో చెంచా కనిపిస్తే బిగించేసేది. నా చేతినే చూసి మా అక్క భయపడింది. అంతకంటే నాకు శిక్ష ఏముంది?

"ఇంకో నెల చూద్దాం. నోటితో తీసుకోకపోతే పొట్టకు ట్యూబు వేయక తప్పదు. పొద్దుటి ఎండలో బయట కూర్చోబెట్టండి, మీరు కంగారుపడకండి" అంది డాక్టరమ్మ.

బయట అనగానే నాకు బల్ల గుర్తొచ్చింది. తన బల్ల మీద తను కూర్చుంటే మనసు మారుతుందేమోనని ఒక ఆశ. కానీ ఆ పెచ్చుల మీద రోగిష్టి మనిషిని ఎలా కూర్చోబెట్టను? తలుపులకూ మంచాలకూ పాలిష్ పెట్టే భాయ్ ఒకాయన పాత బస్టాండు వైపు ఉంటే కబురు పెట్టాను. అరవై దాటిన మనిషి. వచ్చి, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, గోటితో ఒక పొక్కు లేపాడు.

"ఎవరు చేశారమ్మా ఈ పని?"

"నేనే."

"పగోళ్ల బల్లకి కూడా ఇట్టా చెయ్యరు చెల్లెమ్మా."

"చేసిందేదో చేశాను. మళ్లీ వార్నిష్ కొట్టి ఎల్లుండికల్లా ఇచ్చెయ్ భాయ్. మా అక్కను కూర్చోబెట్టాలి."

"బయటుండే బల్లకి వార్నిష్ ఏంది? అది పైన తోలు కట్టుద్ది. తోలు పగిలితే లోన నీళ్లు నిలుస్తయ్. దీనికి అవిసె నూనె పెట్టాల. పదిహేను రోజులు పట్టుద్ది."

"నూనె పూయడానికి పదిహేను రోజులా!"

"పూసేది కాదు చెల్లెమ్మా, తాపేది" అన్నాడు.

ఆ మాట మాకు కొత్తది కాదు. పసిపిల్లకు పాలు తాపుతాం, గేదెకు కుడితి తాపుతాం. చెక్కకు తాపడం మాత్రం అప్పుడే విన్నాను. వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్న అక్క వైపు తిరిగి ఆయన నమస్కారం పెట్టాడు. "అక్కయ్యగారూ, మా అన్నదమ్ముల ఇంటి దావా కాగితాలు మీరే కొట్టారు. ఈ బల్ల మీద చానా రోజులు కూర్చున్నా" అన్నాడు. అక్క కళ్లు ఆయన మీద నిలిచాయి.

మొదటి మూడు రోజులు గాజుపెంకుతో గీకడమే. నా వార్నిష్, దానిలో ఇరుక్కున్న దూదితో సహా, పొట్టులా రాలింది. ఆ కర్రు కర్రు చప్పుడుకు అక్క ఎడమచేతి వేళ్లు కుర్చీ చేతి మీద నెమ్మదిగా లేచి పడుతుండేవి. తను లోపల ఎక్కడో రేకుల కింద కూర్చుని టైపు కొడుతోందేమో అనిపించేది. తర్వాత గరుకు కాగితంతో చారల వెంటే రుద్దాడు. అడ్డంగా ఒక్కసారి కూడా చెయ్యి పోనివ్వలేదు. నాలుగో రోజుకు బల్ల పుట్టినప్పటి ఒంటితో నిలబడింది.

నూనెలో టర్పెంటైను కలిపి, గుడ్డతో అద్ది, అరచేత్తో రుద్దాడు. చూస్తుండగానే చెక్క బెల్లం రంగుకు తిరిగింది. ఎప్పుడో మరిచిపోయిన చారలన్నీ పైకి తేలాయి. కాసేపాగి, మిగిలిన నూనెను పొడిగుడ్డతో తుడిచేశాడు.

"అదేంది భాయ్, పెట్టిందంతా తుడిచేస్తున్నావు?"

"తాగినంత తాగింది. తాగంది తీసెయ్యాల. బలవంతంగా ఉంచామా, బంకవుద్ది. ఇంక మూడు రోజులు దీని జోలికి పోవద్దు."

"మళ్లీ మూడు రోజులా!"

"కోర్టు బల్ల గదా చెల్లెమ్మా. వాయిదాలు దానికి అలవాటే."

వసారాలోంచి ఏదో చిన్న శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే అక్క పెదవి ఎడమవైపు కాస్త పైకి లేచి ఉంది. జబ్బు చేశాక అక్క నవ్వడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చి కొళాయి దగ్గరికి పోయాను.

ఆ మూడు రోజులు, ఆ తర్వాతి మూడు రోజులు, ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. పెరడంతా నూనె వాసన. దూరంగా మిరపకాయల లారీలు పోతే వాటి ఘాటు ఒక తెరలా వచ్చి, తుమ్మేలోపే పోయేది. జామాకుల నీడలు బల్ల మీద అటూ ఇటూ తిరిగేవి. నేను వసారా మెట్టు మీద కూర్చుని, అక్క మోకాలికి తల ఆనించి, కళ్లు మూసీ మూయకుండా చూస్తుంటే ఆ బల్ల మీద ఎవరెవరో కూర్చున్నట్టుండేది. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్న ముసలాయన, చంటిబిడ్డకు పాలిస్తున్న పిల్ల, సంచిలోంచి కాగితాలు తీసి మళ్లీ సంచిలోనే పెట్టుకుంటున్న ఒకామె. అందరూ అక్క పిలుపు కోసం చూస్తూ, ఒకరినొకరు తోసుకోకుండా కూర్చునేవాళ్లు. లేచి చూస్తే ఎండ గోడ దాటిపోయి ఉండేది. ఆ పూట నేను చేసిన పనేమీ ఉండేది కాదు. దానికి నాకు కోపం రాకపోవడమే వింత.

అప్పుడే తెలిసొచ్చింది. నేను అక్కకు ఏనాడూ తాపలేదు, పోశాను. ఆ రోజు నుంచి చెంచా కొసకు కాస్త జావ తీసుకుని పెదవికి తాకించి ఊరుకునేదాన్ని. మింగవే అనడం మానేశాను. మూస్తే తుడిచేసి గిన్నె పక్కన పెట్టేదాన్ని. ఆరు రోజులు పెదవులు విడలేదు. ఏడో రోజు నా పాత బుద్ధి బయటపడింది. నెలలో సగం అయిపోయింది, ఇంకెప్పుడు తెరుస్తావే నోరు అని అరిచి, చెంచాను పెరట్లోకి విసిరేశాను.

భాయ్ పని ఆపి, చెంచా తీసి, కొళాయి కింద కడిగి, గిన్నె పక్కన పెట్టాడు. "పట్టు చెల్లెమ్మా, బల్ల తిరగేద్దాం" అన్నాడు.

తిరగేసి, నాలుగు కాళ్ల అడుగులకూ నూనె పెట్టాడు. బల్ల మొత్తంలో ఎక్కువ దప్పిక కాళ్లకేనట. నేల తడి పట్టేది అవే గనక. మూడు కాళ్లు పెట్టింది పెట్టినట్టు తాగాయి. నాలుగో దాని మీద నూనె అలాగే నిలబడిపోయింది.

"దీనికి దప్పిక లేదా?"

"లేకేం? నీ వార్నిష్ అడుక్కి కారి మూతి మూసేసింది. దీన్ని కొట్టి తాపలేం. మూసిందాన్ని మనమే మెల్లగా గీకి, వాయిదా తీసుకోవాల" అని మళ్లీ గాజుపెంకు అందుకున్నాడు.

అక్క వైపు చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

మర్నాడు ఆ కాలు కూడా తాగింది. ఆఖరిసారి నూనె పెట్టేనాడు ఆయన అడక్కుండానే గుడ్డను అక్క ఎడమచేతిలో పెట్టి, అక్క కూర్చున్న కుర్చీని బల్ల పక్కకు జరిపాడు. అక్క గుడ్డ వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపి, చారల వెంటే, అడ్డంగా పోకుండా రుద్దింది. మూరెడు చెక్క రుద్దేసరికి నుదుట చెమట పట్టింది. అయినా గుడ్డ వదల్లేదు. అయిపోయాక భాయ్ నూనెగుడ్డలన్నీ విప్పి గోడ మీద ఆరేశాడు. ముద్దచేసి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయట. అదీ చెప్పి, "ఏడాదికోసారి తాపు, మరిచిపోకు" అన్నాడు.

ఇంకో మూడు రోజుల వాయిదా అయ్యాక ఆయనే వచ్చి, కాళ్ల కింద నాపరాతి ముక్కలు పెట్టి, బల్లను సరిచేశాడు. ఇద్దరం కలిసి అక్కను పట్టుకొచ్చి కూర్చోబెట్టాం. ఆయన వెళ్లిపోయాడు. లేత ఎండ. పొయ్యి మీద పాలు పెట్టి, జావగిన్నె తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. అక్క తన అరచేతిని చెక్క మీద ముందుకూ వెనక్కూ జరుపుతోంది. చాలాసేపు అలాగే జరిపింది. నేను గిన్నె ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాను.

అక్క పెదవులు కదిలాయి. ఏదో అనబోయి, ఆగి, మళ్లీ కూడదీసుకుంది.

"తా... పు."

మూడు నెలల తర్వాత మాట! నా ప్రాణం లేచొచ్చింది. గిన్నె పక్కన పెట్టి, లోపలికి పరుగెత్తి, నూనెసీసా గుడ్డా తెచ్చి, గుడ్డను తడిపి అక్క చేతిలో పెట్టాను. "తాపుదాం అక్కా, ఎక్కడ తాపాలో చెప్పు" అన్నాను.

అక్క ఆ గుడ్డను చూసింది. నన్ను చూసింది. స్టాంపులు తేకుండా వచ్చి టైపు కొట్టమన్నవాళ్లను మిషన్ మీదుగా చూసేదే, ఆ చూపు. గుడ్డను నా ఒళ్లో పడేసి, గిన్నె వైపు కళ్లు తిప్పి, నోరు తెరిచింది.

అర చెంచా పెట్టాను. గడ్డం తనే కిందికి దించుకుంది. గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను. వంటింట్లోంచి పాలు పొంగి మాడుతున్న వాసన వస్తోంది. నేను లేవలేదు.