గంజి లెక్కన వేసిన మైలుతుత్తం

మరమగ్గాలు అమ్మేశాక సిరిసిల్లలో మా షెడ్డు నిండా కోళ్లు పెట్టాం. అవి గుడ్లు పెడితేనే మా పొయ్యి వెలిగేది. దాణాకు మక్కజొన్నలు, తవుడు, సోయా చెక్క కలిపి, చివర్లో ఇంత మినరల్ పొడి వేసేవాళ్లం. ఆ పొడి కోరుట్ల నుంచి మా బామ్మర్ది పంపేవాడు. ఒకసారి పంపలేదు. కొన్నాళ్లకే గుడ్ల పెంకు పలచబడి చేతిలోనే చితికిపోసాగింది.

ఖాళీ సంచి మీద చదివాను. జింకు, మాంగనీసు, రాగి. రాగి అంటే మన మైలుతుత్తంలో ఉండేదే కదా! నూలు గంజికి బూజు పట్టకుండా మా నాయన వేసే ఆ నీలం పలుకులు ఇంకా అటక మీదే ఉన్నాయి. దంచి, గంజిలో వేసినట్టే దాణాలో పిడికెడు వేశాను. మా ఆవిడకు చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను, దరిద్రుణ్ణి.

మూడో రోజుకు కోళ్లు దాణా ముట్టక మూలకు చేరి తలలు వాల్చాయి. పచ్చగా పారుకున్నాయి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, మా ఆవిడ మీద అరిచాను.

"నీళ్ల డబ్బాలు కడుగుతలేవు, గందుకే సస్తున్నయి!"

"పొద్దుగాలనే కడిగిన. నీ కాళ్లు మొక్కుత, డాక్టర్‌కు సూపియ్యి."

చచ్చిన కోడిని సంచిలో వేసుకుని జగిత్యాల బస్సెక్కుతూ అన్నాను: "నేనచ్చేదాంక ఒక్కటి సచ్చినా నీ సంగతి సూస్త. ఎట్లనన్న తినిపియ్యి."

డాక్టర్ కోడిని కోశాడు. కందనకాయ లోపలి పొర పుండుపడి నీలంగా ఉంది. "దాణాల ఏం కలిపినవయ్యా?" చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "కంటికి కనవడనంత సాలు దానికి. పిడికెడేస్తివా? ముందుగాల ఆ దాణా ఆపు!"

ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. బస్సులో కూర్చుని దారంతా చేస్తూనే ఉన్నాను. దేవుడా, ఒక్కసారి ఎత్తించు అని మొక్కాను.

ఇంటికొచ్చేసరికి ఫోన్ గూట్లో మోగుతోంది. షెడ్డులో చచ్చినవి గోడవారగా పడి ఉన్నాయి. మా ఆవిడ ఒక కోడిని ఒళ్లో పెట్టుకుని, ముక్కు తెరిచి, ఆ దాణానే ముద్దలు చేసి కుక్కుతోంది. నన్ను చూసి గబగబా ఇంకో ముద్ద కుక్కింది.

"నువ్వు జెప్పినట్టే అన్నిటికి తినిపిచ్చిన. ఒక్కదాన్ని గూడ ఇడువలే. తిట్టకు."